పిల్లిగద్దలు పడుకునే బీడు

బీడుకి నిప్పు పెట్టారు. లోపల పిల్లిగద్దలు పడుకుని ఉన్నాయి.

డెబ్బైల చివర, పెనుగంచిప్రోలు అవతల మాట ఇది. నా మిరప చేను పక్కనే ఆ బీడు. తొలకరికి మేత బాగా లేస్తుందని ఏటా శీతాకాలంలో ఎండుగడ్డి కాలుస్తారు. పక్క చేలు అంటుకోకుండా గాలి పడిపోయాక, పొద్దుగూకే వేళ అంటిస్తారు. సరిగ్గా అప్పుడే ఈ గద్దలు వచ్చి గడ్డిలో నేల మీద వాలతాయి. చెట్టెక్కి పడుకునే రకం కాదవి. పొద్దున బూడిదలో రెండు దొరికాయి. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుద్ది.

"ఒకటి పోతు, ఒకటి పెట్ట. జంట పోయింది, అంతేగా" అన్నారు మావాళ్ళు.

జంట కాదు. రెండూ పోతులే, జాతులే వేరు. కాలకుండా మిగిలిన రెక్కలు చూస్తే తెలిసిపోలా? ఒకటి బూడిద రంగు, రెక్క మీద అడ్డంగా నల్లచార. రెండోది ఉతికిన పంచెలా తెలుపు, రెక్క కొసనే నలుపు. నా బడి అయిదో తరగతి దాకే. మిగతాదంతా గట్టు మీద కూర్చుని, నందిగామ లైబ్రరీలో బొమ్మల పుస్తకం కూడబలుక్కుని నేర్చుకున్నా. పెట్టలు మాత్రం రెండు జాతుల్లోనూ గోధుమ రంగే, వాటి తేడా నేనూ చెప్పలేను. దసరాకి చలిదేశాల నుంచి వచ్చి ఉగాదికి పోతాయి. అప్పటికే ఏటికేడు పల్చబడుతున్నాయి.

బీడు ఓ పెద్దామెది. సేద్యమంతా తనే చూసుకునేది. కాలని పక్కన గద్దలు తిన్నది అరక్క కక్కిన ఉండలు ఏరి, తువ్వాల్లో కట్టుకుని, నిప్పు ఆపమని అడగడానికి ఆవిడ దగ్గరికెళ్ళా.

"కోళ్ళ దొంగలకి నా బీడు కౌలుకిమ్మంటావేరా?"

"కోడి ఈక ఉందేమో చూడు పెద్దమ్మా" అని ఉండలు చిదిపా. కొన్నిట్లో మిడత కాళ్ళు, కొన్నిట్లో పిట్ట ఈకలు. "బూడిదది ఎక్కువగా మిడతల మీద పడుద్ది. తెల్లది నీ జొన్న కంకులు తినే పిట్టల మీద. కోడిపిల్లల్ని తన్నుకుపోయేది ఊరగద్ద. ఇవి వెళ్ళిందాకా ఆగి కాల్చు, చాలు."

"ఛీ, కంపు! అవతల పారెయ్" అని లోపలికెళ్ళిపోయింది.

మళ్ళీ దసరా వెళ్ళింది, గద్దలొచ్చాయి. చలి ముదిరింది, గడ్డి ఎండింది. రోజూ పొద్దుగూకేసరికి గట్టు మీద కాపలా కూర్చునేవాణ్ణి. ఓ సాయంత్రం ఆవిడే గట్టు మీదికొచ్చి, వాలుతున్న గద్దల్ని చాలాసేపు చూసింది. ఆవిడ ఇప్పుడు లేదు. బీడు దాటినప్పుడల్లా మనసులో దణ్ణం పెట్టుకుంటా. ఆ రోజు తను అన్నది ఇదీ:

"ఉగాది దాటిందాకా అగ్గిపుల్ల గీస్తే వీపు చీరేస్తానని చెప్పాలేరా మనోళ్ళకి. కానీ అబ్బాయ్, ఆ తెల్లది నా కోడిపిల్లని ముట్టిందా, మీ ఇంటికొచ్చి నీ కోడిపెట్టని పట్టుకుపోతా!"