అడవిలో తలుపు

బంగార్రాజు మాస్టారికి తలుపు పిచ్చి. నాటకానికి ఏ సెట్ వేసినా అందులో తెరుచుకుని మూసుకునే తలుపు ఒకటి ఉండి తీరాలి. రాజుగారి కొలువైనా తలుపే, యుద్ధభూమి అయినా తలుపే. ఒకసారి స్వర్గానికి గడియ కూడా పెట్టారు.

"స్వర్గానికి తలుపేటండీ?" అని అడిగాను.

"ఎవడు పడితే ఆడు దూరిపోడా బాబూ?" అన్నారు.

రైల్వే షెడ్‌లో బోగీలకు రంగులు వేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లుగా బిలాస్‌పూర్ తెలుగువాళ్ల నాటకాలన్నిటికీ సెట్ ఆయనదే. ఊళ్లోనే మంగ్లా పేటలో తన డాబా మీద ఆదివారాలు పిల్లలకు ఆ విద్య నేర్పుతారు. మొదటి పాఠం తలుపు. రెండో పాఠమూ తలుపే. "చెట్టు ఎప్పుడు సర్?" అని ఓ శిష్యురాలు అడిగితే, "ముందు బందులు సరిగ్గా బిగించమ్మా, చెట్టెక్కడికీ పారిపోదు," అన్నారట.

ఈ ఉగాదికి మా సంఘం వేసిన నాటకంలో మా అమ్మాయి తనూజ అడవి రాణి. అది చూడ్డానికే మా అమ్మ పార్వతీపురం నుంచి రైలెక్కి వచ్చింది. మనవరాలు ఏం చెప్పినా "అచ్ఛా దాదీ" అంటుందని ఆవిడకు బెంగ. "దాని నోట నాలుగు తెలుగు ముక్కలు వినకుండానే పోతానేట్రా?" అని వచ్చినరోజే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇక నాటకంలో వంక అనేది ఉండకూడదని, సంఘం కార్యదర్శిగా నేను పట్టుబట్టాను.

"అడవిలో తలుపేటండి మాస్టారూ! జనం నవ్వుతారు. చెట్లెయ్యండి."

"ఏస్తాను బాబూ. తలుపుకి అటు రెండు, ఇటు రెండు."

ఇలా కాదని, నాటకం రోజు ఆయన టీకి వెళ్లిన సమయం చూసి నేనే స్క్రూడ్రైవర్ పట్టుకుని స్టేజి ఎక్కాను. రెండు మరలు ఊడదీసి, మిగతావాటి కోసం తలుపు వెనక్కి వెళ్లి కొయ్యబారిపోయాను.

తలుపు వెనక నాటకమంతా రాసి ఉంది. మాటలు తెలుగువి, అక్షరాలు హిందీవి. ఒక్కో పిల్లకి ఒక్కో రంగు. తనూజది ఆకుపచ్చ. మాటల మధ్యలో చిన్న అక్షరాలతో, "ఇక్కడ ఊపిరి తీసుకో తల్లీ." దాని కింద, "నాయనమ్మ ముందు వరసలో ఉంటాది, బెదిరిపోకు."

"సూసేశారా?" టీ గ్లాసుతో మాస్టారు నిలబడి ఉన్నారు. "తెలుగు చదవడం రాదు బాబూ ఈళ్లకి. బడిలో అంతా హిందీయే, ఈళ్ల తప్పేటి? మాట మర్చిపోతే లోపలికొచ్చి సూసుకుని పోతారు."

"ఇన్నేళ్లూ మాకు చెప్పలేదేటండీ?"

"చెప్తే పిల్లలకి నామోషీ కాదా? ముప్పై ఏళ్లుగా మీరంతా తలుపుని సూసి నవ్వారు. పిల్లల్ని సూసి ఒక్కరూ నవ్వలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఊడదీసిన మరలు మళ్లీ బిగించాను. అవి వంకరపోయాయని మాస్టారు తీసి, నాకూ మొదటి పాఠం చెప్పి, తిరిగి బిగించారు.

ఆ సాయంత్రం అడవి రాణి మూడుసార్లు తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. మొదటిసారి నీళ్లకని, రెండోసారి పళ్లకని, మూడోసారి ఎందుకో దేవుడికే తెలియాలి. వచ్చిన ప్రతిసారీ గలగలా తెలుగు మాట్లాడింది. ముందు వరసలో మా అమ్మ మురిసిపోయింది, పక్కావిడను మోచేత్తో పొడిచి మరీ "నా మనవరాలే" అని చెప్పుకుంది. తర్వాత నా చెవిలో అడిగింది.

"ఒరే రమణా, అడవిలో తలుపేట్రా?"

"ఉండాలమ్మా. పులులొస్తాయి కదా."

అమ్మ కంగారుపడిపోయింది.

"అయితే గడియ పెట్టుకోమనరా పిల్లని!"