ఎడమ పక్క చుక్కలు

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్ద అబద్ధమేమీ కాదు, నాలుగైదు మాటలు. రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఒక మంచి మనిషి ముఖంలోకి చూస్తూ చెప్పాను. ఆ మాటలు ఆయన్ని ఏం చేశాయో నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మీరు ఎదురుగా కూర్చుని ఉంటే ఈపాటికి మాట మార్చేసి, కాఫీ తాగుతారా అని అడిగేదాన్ని. అలా తప్పించుకోవడం నాకు బాగా చేతనవును.

నేను తిరుత్తణిలో ఒక ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుని. డ్రిల్లు టీచరంటే ఈల ఊది పిల్లల్ని ఎండలో నిలబెట్టేదని చాలామంది అనుకుంటారు. అదీ చేస్తాను. కానీ బ్యాండు వాయిస్తూ నడిచే నలభై ఎనిమిది మంది పిల్లలు ఏ దరువుకు ఎక్కడుండాలి, ఎవరు ఎటు తిరగాలి, రెండు వరసలు ఎప్పుడు కలిసి చక్రమవ్వాలి, ఇదంతా ముందే కాగితం మీద గీయాలి. ఆ కాగితాన్ని మేము చార్టు అంటాం. సొంతంగా చార్టు గీయడం వచ్చినవాళ్ళం మా చుట్టుపక్కల పదిమందికి మించి ఉండేవాళ్ళం కాదు. ఏడాదికోసారి, ఒక ఆదివారం, తిరువళ్ళూరులో ఒక బడి మైదానంలో కలిసేవాళ్ళం.

పోటీ కాదది. కప్పులూ సర్టిఫికెట్లూ లేవు. ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకొచ్చి, కొత్తగా గీసిన డ్రిల్లు ఒకటి ఆడించి చూపించేవాళ్ళం. తర్వాత చార్టులన్నీ ఒక బెంచీ మీద పరిచేవాళ్ళం. నచ్చినదాన్ని ఎవరైనా నోటుపుస్తకంలో ఎత్తి రాసుకోవచ్చు. ఎవరి చార్టు చుట్టూ ఎక్కువమంది మూగితే ఆ రోజు వాళ్ళకు పండగ. అంతే.

ఇందులో ఒక ఆనవాయితీ ఉండేది. చార్టు గీసినవాళ్ళు తమ డ్రిల్లు అయ్యేదాకా మైదానంలో అడుగు పెట్టకూడదు. ఇంకొకరు ఆ చార్టు చదివి, నేల మీద సున్నంతో చుక్కలు పెట్టాలి. పిల్లలు ఆ చుక్కల మీద నిలబడి మొదలుపెడతారు. పక్కవాళ్ళు చదివి చుక్క పెట్టగలిగితేనే అది చార్టు, లేకపోతే గీసినవాడి తలలో ఊహ మాత్రమే అని మునిరత్నం అన్న అనేవారు. ఆ ఆనవాయితీ పెట్టింది ఆయనే.

ఆయన తిరువళ్ళూరులో ఒక మగపిల్లల బడిలో బ్యాండు మాస్టరు. పటాలంలో బ్యాండు వాయించి వచ్చినవారు. సొంతూరు పళ్ళిపట్టు దగ్గర, మాదీ ఆ పక్కే. చుట్టూ అందరూ అరవంలో మాట్లాడుతుంటే మేమిద్దరం ఒక మూల చేరి తెలుగులో మాట్లాడుకునేవాళ్ళం. నాకు చార్టు గీయడం నేర్పింది ఆయనే. గళ్ళ కాగితం మీద చింతగింజలు పేర్చి, ఒక్కో దరువుకు ఒక్కో గింజను జరుపుతూ, ఆరు ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పారు. విసుక్కోవడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఎవరికైనా నన్ను చూపించి, మా చెల్లి, నాకంటే బాగా గీస్తుంది అనేవారు. అది నిజం కాదని నాకు తెలుసు. మిగతావాళ్ళకూ తెలుసు. వాళ్ళ లెక్కలో నేను మునిరత్నం శిష్యురాలిని. నాకొక పేరుందని ఎవరికైనా గుర్తుండేదా అని అప్పట్లో తరచూ అనుకునేదాన్ని.

చూశారా, అప్పుడే సాకులు వెతుకుతున్నాను.

ఆ ఏడాది ఒక వార్త వచ్చింది. జిల్లా ఆఫీసు నుంచి ఒక పెద్దాయన మా ఆదివారానికి వస్తున్నాడని, మద్రాసులో జరిగే పిల్లల కవాతుకు మాలో ఒకరి డ్రిల్లును ఎంచుకుంటాడని. అన్నేళ్ళూ పోటీ లేని చోట పోటీ వచ్చి కూర్చుంది. ఎవరూ పైకి అనలేదు. కానీ ఆ పొద్దున పులిహోర పొట్లాలు విప్పేటప్పుడు ఎవరి నవ్వూ మామూలుగా లేదు. నా చార్టు బాగుంది. అన్న చార్టు అద్భుతంగా ఉంది. రెండు పొడవాటి వరసలు రెండు వైపుల నుంచీ నడిచొచ్చి, పన్నెండో అడుగులో సగం తిరిగి, వేళ్ళలో వేళ్ళు దూరినట్టు ఒకదానిలో ఒకటి కలిసి చక్రమైపోతాయి. అలాంటిది నేను గీయలేను. కాగితం చూడగానే ఆ సంగతి నాకు అర్థమైంది.

ఆ చార్టుకు చుక్కలు పెట్టే పని నాకు వచ్చింది.

ఇక్కడ తాడు సంగతి చెప్పాలి. చుక్కలు కొలిచి పెట్టడానికి ప్రతి బడికీ ఒక కొబ్బరితాడు ఉంటుంది. అడుగు అడుగుకూ ముడి. మా ఆడపిల్లల అడుగు ఇరవై రెండు అంగుళాలు. వాళ్ళ మగపిల్లల అడుగు ఇరవై ఆరు. అందుకే ఎవరి చార్టుకు వాళ్ళ తాడే వాడాలి. అన్న తన చార్టును చుట్టి, తన తాడుతోనే కట్టి నా చేతికిచ్చారు. నేను తాడు విప్పి బెంచీ మీద పెట్టాను. చార్టు పట్టుకుని మైదానంలోకి వెళ్ళాను. భుజాన ఉన్న సంచిలో చెయ్యి పెడితే తాడు తగిలింది. తీశాను. కొలిచాను. మైదానం నడిగీత నుంచి ఎడమ పక్కకు పన్నెండు ముడుల దూరంలో, వరసగా ఇరవై నాలుగు చుక్కలు. అది నా తాడు. అంతవరకూ అది పొరపాటే, ఒట్టు.

ఎడమ పక్క పూర్తయ్యాక సున్నం అయిపోతే బెంచీ దగ్గరికి వచ్చాను. అక్కడ అన్న తాడు చుట్ట చుట్టినట్టే ఉంది.

అడుగుకు నాలుగంగుళాలు, పన్నెండడుగులకు నలభై ఎనిమిది అంగుళాలు. నిమిషంలో లెక్క వేశాను, ఆయన నేర్పిన లెక్కే. ఎడమ వరస నడిగీతకు ఆ నలభై ఎనిమిది అంగుళాలు దగ్గరగా నిలబడుతుంది. పిల్లలు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. చెరిపి మళ్ళీ పెట్టడానికి పది నిమిషాలు చాలు. సున్నం డబ్బా నిండుగా ఉంది. చెయ్యి ఖాళీగా ఉంది. ఏం అడ్డొచ్చింది నాకు?

అన్న తాడు తీసుకున్నాను. మైదానంలోకి వెళ్ళాను. కుడి పక్క చుక్కలు ఆ తాడుతో, అంగుళం తేడా లేకుండా, చాలా శ్రద్ధగా పెట్టాను. ఎడమ పక్కకు వెళ్ళలేదు. అటు తిరిగి చూడలేదు కూడా. మతి లేకనో తొందరలోనో చేశానని చెప్పుకోవడానికి వీల్లేకుండా చేసింది ఆ కుడి పక్కే. రెండు పక్కలా తప్పు పెట్టి ఉంటే తెలియక చేశానని ఈపాటికి నన్ను నేను నమ్మించుకుని ఉండేదాన్ని. ఆ పెద్దాయన తెల్ల చొక్కా వేసుకుని మైదానం పక్కన పందిట్లో కూర్చుని ఉండటం చూస్తూ కుడి పక్క చుక్కలు పెట్టాను. నా డ్రిల్లు అప్పటికే అయిపోయింది, బాగా కుదిరింది. ఇంకేం కావాలి నాకు అప్పుడు? మిగతాది దానంతట అదే జరుగుతుందని నాకు తెలుసు.

జరిగింది. మునిరత్నం అన్న పిల్లలకు ఒకటే నేర్పేవారు. కళ్ళు ముందుకు, లెక్క మనసులో. మామూలుగా నేర్చిన పిల్లలైతే ఎదుటివాణ్ణి చూసి ఆగిపోయేవాళ్ళు, అడుగు చిన్నది చేసుకునేవాళ్ళు. ఆయన పిల్లలు ఆగలేదు. పన్నెండులో తిరగాల్సిన వాళ్ళు పదకొండులోనే ముఖాముఖి ఎదురుపడ్డారు. ఇంకా తిరిగే దరువు రాలేదు కాబట్టి ఎవరూ తిరగలేదు. ఒకరి డోలు ఇంకొకరి డోలుకు కొట్టుకుంది. ఒక పిల్లవాడి పెదవి చిట్లింది. ఇత్తడి తాళం ఒకటి దొర్లుకుంటూ పందిరి దాకా వచ్చి ఆ పెద్దాయన చెప్పుల దగ్గర పడింది. చూడ్డానికొచ్చిన జనం నవ్వారు. నేను కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నవ్వుకో, భయానికో ఇప్పటికీ చెప్పలేను.

తర్వాత చార్టులు బెంచీ మీద పరిచారు. మా వాళ్ళు మంచివాళ్ళు. ఎవరూ ఎగతాళి చేయలేదు. అందరూ నోటుపుస్తకాలు తీసుకుని ముందు అన్న చార్టు దగ్గరికే వెళ్ళారు. ఆయన దాన్ని తిప్పి బోర్లా పెట్టేశారు. తప్పు లెక్క మీకెందుకని నవ్వుతూనే అన్నారు. ఆ పెద్దాయన నా పేరు అడిగి రాసుకున్నాడు.

సాయంత్రం అన్న నన్నూ మా పిల్లల్నీ రైలెక్కించడానికి స్టేషనుకు వచ్చారు. రావాల్సిన పని లేదు. పిల్లల్ని ఒక పక్క కూర్చోబెట్టి, నా దగ్గరికొచ్చి నిలబడ్డారు. చేతిలో ఆ చార్టే ఉంది.

"ఏమ్మా, చుక్కలు నా తాడుతోనే పెట్టినావు గదా?"

"మీ తాడుతోనే పెట్టినానన్నా."

"రెండు పక్కలా?"

"రెండు పక్కలా."

ఆయన తలాడించారు. నన్ను అనుమానించి అడగలేదు. ఆ చూపులో అనుమానం పిసరంత ఉన్నా నేను కాళ్ళ మీద పడేదాన్నేమో. లేదు, పడేదాన్ని కాదు. ఎందుకు అబద్ధం మీద అబద్ధం.

"అట్లయితే కణక్కు నాదే తప్పింది" అన్నారు, లెక్కకు అరవం మాట వాడుతూ. "యాడ తప్పిందో కనపడలేదుమ్మా. మధ్యాన్నం నుంచి మూడు తూర్లు ఏసి చూసినా. మూడు తూర్లూ సరిగ్గానే వస్తా ఉంది."

"ఎండన్నా. పిల్లోళ్ళు అలిసిపోయినారు."

"పిల్లోళ్ళు తప్పలేదు. నేను చెప్పినట్టే నడిచినారు పాపం." కాసేపు పట్టాల వైపు చూశారు. "తప్పు లెక్క నాకు సరిగ్గా ఉన్నట్టు కనపడతా ఉందంటే, నా తల్లోనే ఏందో తేడా వచ్చినాది. మా నాయనకు ఇట్లానే మొదలైనాది, తెలుసా? ఆఖర్లో మమ్మల్నే ఎవురని అడిగినాడు."

రైలొచ్చింది. ఎక్కాను. కిటికీలోంచి చెయ్యి ఊపాను కూడా.

ఆ ఒక్క నిమిషం నేను ఎన్నిసార్లు తిరిగి బతికానో. పట్టాల వైపు చూస్తున్న ఆయన భుజం తట్టి, అన్నా మీ తల బాగానే ఉంది, ఎడమ పక్క నా తాడుతో పెట్టాను అంటే సరిపోయేది. తిట్టేవారేమో. తిట్టరని నాకు తెలుసు. పోనీలేమ్మా అనేవారు. బహుశా ఆ మాట వినలేకే చెప్పలేదేమో. ఏమో, ఇదీ నన్ను నేను మంచిగా చూపించుకోవడమేనేమో. మద్రాసు అవకాశం పోతుందన్న భయం కంటే పెద్ద కారణం అప్పుడు నాకు ఉందా?

నా డ్రిల్లు మద్రాసు వెళ్ళింది. అన్న కార్డు రాశారు. చాలా సంతోషమమ్మా అని. మరుసటి ఏడాది ఆదివారానికి వచ్చారు కానీ చార్టు తేలేదు. పందిట్లో కూర్చుని అందరికీ చప్పట్లు కొట్టారు. ఆ పైయేడు బడిలో అడిగి బ్యాండు బాధ్యత వదులుకున్నారు. బంతులూ నెట్లూ ఉండే గది తాళాలు తీసుకుని అక్కడ కూర్చునేవారు. ఎవరైనా అడిగితే, తల మునుపటిలా లేదు, పిల్లలకు దెబ్బలు తగులుతాయి అనేవారు. ఆయనకు అప్పుడు యాభై కూడా నిండలేదు. నేను ఏడాదికి రెండు మూడు సార్లు వాళ్ళింటికి వెళ్ళేదాన్ని, తేలు కుట్టిన దొంగలా. ప్రతిసారీ ఈసారి చెప్పేస్తాను అనుకుని బస్సెక్కేదాన్ని. వీధి మలుపు తిరగగానే ఇంకోసారి చెప్పొచ్చులే అనుకునేదాన్ని. టిఫిను తిని వచ్చేసేదాన్ని.

పోయిన ఏడాది ఆయన పోయారు. గుండె ఆగిపోయింది. తిరువళ్ళూరు వెళ్ళాను. ఆయన భార్య కమలమ్మ వదిన నన్ను పట్టుకుని ఏడ్చి, ఆపుకుని, ఆయన ఆఖరి రోజుల గురించి చెప్పింది. అన్నీ గుర్తున్నాయట. పటాలంలో పక్కన వాయించినవాళ్ళ పేర్లు కూడా వరసగా చెప్పేవారట. డాక్టరు కూడా ఈయన తలకేం రోగం లేదని నవ్వేవాడట. కానీ ఆయన నమ్మలేదు. రోజూ వేసుకునే మాత్రలు తను లెక్కపెట్టి, మళ్ళీ వదిన చేతిలో పోసి లెక్కపెట్టమనేవారట. బియ్యం డబ్బాలు, ఇంటి మెట్లు, ఆఖరికి ఇంట్లో ఎవరెవరు తిన్నారన్నది కూడా. పదకొండేళ్ళు ఆ మనిషి తన తల ఎప్పుడు పోతుందా అని కాచుకుని కూర్చున్నాడు. పోనే లేదు.

వదినకు బీపీ మాత్రలుంటాయి. నా ముందే సీసా తీసి, మూడు మాత్రలు అరచేతిలో వేసుకుని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. నేను చూస్తున్నానని గమనించి కొంచెం సిగ్గుపడింది.

"ఏమి చేసేదిమ్మా, ఆయనతో ఉండి నాకూ ఇదే అలవాటు, పళక్కమైపోయినాది" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. ఆమె నీళ్ళ గ్లాసు నా చేతికిచ్చి పట్టుకోమంది. పట్టుకున్నాను. ఆమె మింగేదాకా పట్టుకుని, గ్లాసు కింద పెట్టి, లేచి వచ్చేశాను.

ఇప్పుడు చెప్తున్నాను. మునిరత్నం అన్న లెక్క తప్పలేదు. ఆయన తల ఏ రోజూ తప్పలేదు. ఎడమ పక్క చుక్కలు తప్పు పెట్టింది నేను. తెలిసి వదిలేసింది నేను. అడిగితే అబద్ధం చెప్పింది నేను. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించగల మనిషి లేడు, ఆయన బదులు క్షమించే హక్కు మీకు లేదు. వదినకు చెప్తానని మాటా ఇవ్వలేను, నా సంగతి నాకు తెలుసు. ఈ పొద్దు దాకా ఆయన లెక్క సరిగ్గా ఉందని తెలిసినదాన్ని లోకంలో నేనొక్కదాన్నే. ఇప్పుడు మీకూ తెలుసు.