కొంగు ముడిలో గోలీలు

“మేడమ్ పొద్దుగాల గోలీ మర్చిపోలే గద, సారూ?”

పాపను దింపగానే బూర్గంపాడు అంగన్‌వాడీ ఆయా గోరి నన్ను అడిగే మొదటి మాట ఇది. ఆమెకూ నా భార్యకూ ఉన్నది ఒకే జబ్బు, ఫిట్స్. నా భార్యకిప్పుడు ఏడో నెల. గుడ్లు ఉడికిస్తూ, పిల్లల ముక్కులు తుడుస్తూ గోరి మధ్యమధ్య కొంగు ముడి తడుముకుంటుంది. అందులో ఆమె మాత్రలుంటాయి. రెండేళ్ల కిందట, తనకూ ఏడో నెలలోనే, ఒళ్లంతా అమ్మవారు పోసింది. అమ్మవారు దిగేదాకా మందు మింగకూడదంటూ అత్త గుమ్మానికి వేపాకు కట్టింది. గోరి నమ్మి, ఫిట్స్ మాత్రలు కూడా మానేసింది. నాలుగో రోజు ఫిట్స్ ఆగకుండా వచ్చాయి. భద్రాచలం దవాఖానాలో కళ్లు తెరిచేసరికి కడుపులో బిడ్డ లేదు.

నిన్న మా వాడలో ఒక పిల్లకు అమ్మవారు పోసిందని చెబితే గోరి చేతిలో గరిటె ఆగిపోయింది. “మేడమ్‌ను అటు పోనియ్యకుండ్రి. ఒకయేళ పోస్తే జల్దీ దవాఖానకు తోల్కపోండ్రి. యాపాకు కట్టుకోండ్రి, నేనొద్దన. గోలీ మాత్రం ఆపకుండ్రి. అమ్మ ఏమనదు సారూ, ఆమె గూడ తల్లే గద.”

ఈ పొద్దున నా భార్య మాత్ర మింగాకే, మా ఇంట్లో ఎవరికీ పోయకూడదని గుమ్మానికి వేపాకు కట్టాను.