జ్వరం కాదు

నిన్న ఆల్థాన్‌లో కొడుకు ఇంటికి వెళ్తే, కోడలు అటక సర్దుతూ కరోనా నాటి మాస్కుల సంచి కిందికి దించింది. ఒకటి చేతిలోకి తీసుకుని, వెంటనే మళ్లీ సంచిలో పడేశాను. ఆ గుడ్డముక్క చూస్తే అందరికీ రోగం గుర్తొస్తుందేమో, నాకు మాత్రం మా ఆయన నోటి కంపే గుర్తొస్తుంది. ఆ రోజుల్లో ఇంట్లో కూడా మాస్కు తీయకపోతే, ఎంత జాగ్రత్త గల మనిషో అని వాడకట్టంతా నన్ను మెచ్చుకుంది.

అప్పుడు మరమగ్గాల పనికి వలస వచ్చి నవాగామ్‌లో ఒక్క గదిలో ఉండేవాళ్లం. గుజరాత్‌లో మందు నిషేధమంటారు, వింటే నవ్వొస్తుంది. పాల ప్యాకెట్ దొరకని లాక్‌డౌన్‌లో కూడా మా ఆయనకు పొట్లీ దొరికింది, అదే, నాటుసారా పోసి ముడేసిన ప్లాస్టిక్ సంచి. తాగి పడిపోయి పనికి పోని ప్రతిసారీ అత్తమ్మ కారఖానాకు ఫోన్ చేసి కొడుక్కి జ్వరమని చెప్పేది. పెళ్లికి రాకపోయినా జ్వరమే, చావుకు రాకపోయినా జ్వరమే. పక్కన నిలబడి నేనూ తలూపేదాన్ని. ఇంటి గుట్టు కదా మరి, నా తలకాయ గుట్టు.

మరమగ్గాలు మళ్లీ మొదలైన వారమే, దారాలు కత్తిరించడానికి నేను తెచ్చుకున్న చీరల మూట మీద భళ్లున కక్కి, అందులోనే ముఖం పెట్టి పడుకున్నాడు. ఛీ, పశువు కూడా తను పేడ వేసిన చోటు నుంచి జరిగి పడుకుంటుంది. నేను బకెట్ తెచ్చేలోగా, ఇంటింటా జ్వరాలు అడుగుతూ మున్సిపాలిటీ అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. ఆయన ఎందుకలా పడి ఉన్నాడని అడిగింది. అత్తమ్మకు అలవాటైన మాటే నోట్లోంచి ఊడిపడింది.

"బుఖార్, బేటీ."

అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసి ఫోన్ తీసింది. కరోనా అనుమానం కాబట్టి గల్లీకి అడ్డంగా బొంగులు కడతారని, ఎవరూ పనికి పోకూడదని చెప్పింది. అప్పుడప్పుడే కూలి చూస్తున్న ఇళ్లన్నీ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డాయి. నేను మాస్కు కిందికి లాగాను.

"బుఖార్ కాదు బెన్. తాగిండు. దారూ."

అత్తమ్మ నా రెక్క పట్టుకుంది. "నోరు ముయ్యే. ఇజ్జత్ పోతది."

"మన ఇజ్జత్ పోతే పోనీ అత్తమ్మా. జ్వరమంటే గల్లీ అందరి బువ్వ పోతది."

ఎదురింటి వదిన మెల్లగా అంది, "మాకెరుకే గద వదినా. నువ్వే చెప్పకపోతివి." అందరికీ తెలిసిన కంపుకా నేను ఇన్నేళ్లు మూత పెట్టిందని ఆయన మీదకన్నా నా మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

అమ్మాయి ఆయన నుదుటి దగ్గర జ్వరం చూసే మిషన్ పెట్టి, జ్వరం లేదని ఫోన్‌లో చెప్పి, ముక్కు మూసుకుని వెళ్లిపోయింది. బకెట్ ఆయన పక్కనే పెట్టి, నేను వదిన ఇంట్లో కూర్చుని టీ తాగాను. తెలివి వచ్చాక ఆయనే కడుక్కున్నాడు, కారఖానాకు ఆయనే ఫోన్ చేసుకున్నాడు. తాగుడు మానాడా అంటే, లేదు. కానీ ఆ తర్వాత ఆయన జ్వరం మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

తాగిండు అన్న ఆ ఒక్క మాట అనడానికి రెప్పపాటు చాలింది. దాని దగ్గరికి నడిచి రావడానికే నా పడుచుతనమంతా పోయింది.