బేకరీ అక్క కోరపన్ను

పళ్ళ మేస్త్రికి ఈ వయసులో బేకరీ చిన్నమ్మాయి మీద కన్ను పడిందని వీధంతా గుప్పుమంది. రోజూ సాయంత్రం వెళ్ళి, ముందు ఒక బన్ను పెట్టుకుని, కౌంటరు వెనక నిలబడ్డ ఆమె నోటి వంక గుడ్లప్పగించి చూస్తున్నాడట. బన్ను మాత్రం కొరకడట. చూసినవాళ్ళు ఇద్దరైతే చెప్పినవాళ్ళు ఇరవైమంది.

మేస్త్రి కట్టుడు పళ్ళు చేస్తాడు. ఇంటి వెనక గదిలోనే పని. డాక్టర్లు పంపే పళ్ళ స్కానులన్నీ ఆ గదిలో, వైఫై డబ్బా పక్కన పెట్టిన నిల్వ పెట్టెలో ఉంటాయి. మైనం అంటిన చేతులతో కీబోర్డు ముట్టుకోలేక, అది తెరువు, ఇది సేవ్ చెయ్యి అని ఏఐకి నోటితోనే చెబుతాడు. అది ప్రతిసారీ "పాతదాని మీదే రాయమంటారా?" అని అడిగేది. ఒకరోజు విసుగెత్తి, "ఇక నన్ను అడక్కు, అన్నిటికీ సరే" అనేశాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు బేకరీ చిన్నమ్మాయి వాళ్ళ అక్క మెట్ల మీద జారి పళ్ళు విరగ్గొట్టుకుంది. అప్పటినుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడుతోంది. కౌంటరు చెల్లెలికి వదిలేసి, వెనక పొయ్యి దగ్గరికి చేరింది.

"నా పళ్ళే నాకు కావాలి బాబాయ్. ఎవరివో పెట్టుకుని నవ్వలేను."

మేస్త్రి ధీమాగా తలూపాడు. పోయినేడు తీసిన స్కాను పెట్టెలో ఉందిగా!

తెరిచి చూస్తే అవి ఆమె పళ్ళలా లేవు. ఆమె ఎడమ కోరపన్ను పక్కదాని భుజం మీద చెయ్యేసినట్టు వంకరగా ఉండేది. తెర మీద పళ్ళన్నీ బడిపిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. స్కాను శుభ్రం చేసి సేవ్ చెయ్యమని ఎప్పుడో తనే చెప్పాడు. ఏఐ ఆ వంకర కూడా మరకే అనుకుని దిద్దేసి, అసలుదాని మీదే రాసేసింది. డాక్టరు దగ్గర కూడా పాతది లేదు. ఫొటోల్లో చూద్దామంటే, ఆమె ఎప్పుడూ పెదవులు బిగించుకునే ఉంది.

"ఇంటి తాళాలన్నీ చేతికిచ్చి, పైగా అడక్కు అంటే, అది మాత్రం ఏం చేస్తుంది పాపం?" అంది భార్య.

చెల్లెలికీ అదే కోరపన్ను, అదే వంకర. కానీ అచ్చు తీస్తే పన్ను వస్తుంది, నవ్వు రాదు. పెదవి ఆ పన్ను మీద ఎక్కడ ఆగుతుందో మనిషి ఆదమరిచి నవ్వినప్పుడే తెలియాలి. అందుకే ఆ సాయంత్రాలు, ఆ బన్నూ.

పుకారు ఇంటికీ వచ్చింది.

"ఏమండీ, బేకరీలో కొలువు చేస్తున్నారటగా?"

"ఎవరన్నారు?"

"అననివాళ్ళెవరో అడగండి. పాలవాడు కూడా నన్ను జాలిగా చూశాడు."

"పన్ను చూస్తున్నానే!"

"తెలుసు లెండి. పెళ్ళికి ముందు నన్ను చూడ్డానికొచ్చినప్పుడూ పళ్ళే చూశారు. రేపు నేనూ వస్తా. బన్ను నేను తింటా."

మర్నాడు ఆవిడ బన్ను తింటూ మొగుడి సంగతులు ఒక్కొక్కటీ విప్పింది. చెల్లెలు కౌంటరు పట్టుకుని పగలబడి నవ్వింది. ఆ నవ్వులో పెదవి ఆగిన చోటు చూసుకుని, మేస్త్రి గబగబా ఇంటికి నడిచాడు.

కొత్త పళ్ళు పెట్టుకుని అక్క అద్దంలో చాలాసేపు చూసుకుంది. తర్వాత నవ్వింది. అలవాటుగా చెయ్యి సగం దాకా లేచి, మళ్ళీ దిగిపోయింది. ఆ వారంలోనే కౌంటరు దగ్గరికి తిరిగొచ్చింది.

ఇప్పుడు ఏఐకి పెట్టెలో ఒక్క అర మాత్రమే ఇచ్చాడు మేస్త్రి. పాతవి చూడొచ్చు, ముట్టుకోకూడదు. అది ఎన్నిసార్లు అడిగినా అతను విసుక్కోవడం లేదు.

వీధికి తెలియనిది ఒకటుంది. మొదటి సాయంత్రమే అతను అక్కచెల్లెళ్ళిద్దరి ముందూ తన పొరపాటు చెప్పుకుని, "నీ నవ్వు కొన్నాళ్ళు చూసుకోనా అమ్మా?" అని చెల్లెల్ని అడిగాడు.

"చూసుకోండి బాబాయ్," అంది ఆ పిల్ల.