బాపు రిటైరైన దినం, నా పొట్టి స్ప్రింగులు

గా రోజుల్ల నాకు ఎవరన్న ఎదురైతె మనిషి మొకం కంటె ముందు ఆయన కారు ఎనుక చక్రం కనపడేది. చక్రానికి, పైన రేకుకు నడుమ ఎన్ని వేళ్లు పడుతయో చూసి మనిషికి విలువ కట్టేటోణ్ని. నాలుగు పడితె వట్టి సంసారి, రెండు పడితె జర తెలిసినోడు, ఒక్కటే పడితె దండం పెట్టాల్సినోడు. (ఇరవై నాలుగేండ్లకు నా తెలివి గంతే.) నాదొక సెకండ్ హ్యాండు ఎర్ర కారు. ఇంజనుకు మస్తు జోరు పెట్టిచ్చిన గని ఎనుక భాగం మాత్రం బువ్వ తిని లేచిన పెద్దమనిషి లెక్క ఊగేది. మలుపుల జోరుగ కొడితె ముందు చక్రాలు ఒక దిక్కు, ఎనుకయి ఇంకో దిక్కు పోదామనేటియి.

మా బాపు బొగ్గు బాయిల పనిచేసేటోడు. బొగ్గు నింపిన టబ్బులను తాడుతోని గుంజే కాడ ఆయన జీవితమంత గడిచింది. రిటైరైన దినం ఆఖరు షిఫ్టు దిగి పైకొచ్చిన మనిషికి దండలేసి, డప్పులు కొట్టుకుంట, బండిల ఇంటిదాక ఊరేగించుడు మా కాలనీల రివాజు. బాపుకు ఇంక రెండు నెలలే ఉన్నది. అందరి లెక్క కిరాయి జీపుల కాదు, నా కార్లనే తేవాలె, అది గూడ ఊగకుంట తేవాలె అని జిద్దు పట్టిన. ఆదివారమొస్తె చర్చి ఎగ్గొట్టి కరీంనగర్ ఉరుకుడే. నన్ను కన్న అవ్వ పరేషానై నా కోసం ప్రార్థన పెట్టిచ్చింది. ఏం జబ్బని చెప్పిందో ఇప్పటికి తెల్వది.

కరీంనగర్ల కార్ల సామాను అమ్మే పెద్దాయనను అందరం స్ప్రింగు చిచ్చా అనేది. ఆయన రెండు జతల స్ప్రింగులు ముందట పెట్టిండు. ఒకటి కంపెనీ దానికంటె జర పొట్టి, జర గట్టి. ఇంకోటి మరీ పొట్టి. దేనికి ఏ షాకబ్జర్ పడుతదో ఆరు ఆదివారాలు అడిగి ఆయన పానం తీసిన. ఆయన మాత్రం నన్ను ఒక్కటే అడిగిండు.

"ఎనుక సీట్ల ఎవరు కూసుంటరు బేటా?"

బాపు కూసునేది ఒక్క దినమే గదా అనుకొని, ఎవ్వరు కూసోరని, అది రేసు బండని చెప్పి పొట్టియే పట్టుకొచ్చిన. బాపు వాటిని చేతుల అటిటు తిప్పి చూసి, "ఖాళీ టబ్బును చూసి తాడు కొంటార్ర? నిండు టబ్బును చూసి కొంటరు" అన్నడు. బాయిల మనిషికి కార్ల సంగతి ఏం ఎరుక అని నేను ఇనలే. బిగిచ్చినంక బరువు తగ్గాలని స్టెప్నీ గూడ తీసి ఇంట్ల పెట్టిన. ఒక్క వేలు పట్టింది. మలుపుల కారు ఇంచు గూడ కదలలే. నా అంతటోడు జిల్లాల లేడనుకున్న.

ఆ దినం రానే వచ్చింది. బాపు మూతి కనపడకుంట బంతిపూల దండలు. నేను మొగోని లెక్క ఎనుక డోరు తీసి నిలబడ్డ. నా లెక్కల బాపు ఒక్కడే ఉన్నడు. బాపు లెక్కల ఆయన మంది మొత్తం ఉన్నరు. మనం ఒక్కదగ్గర పనిచేసినోళ్లం, ఒక్కదగ్గరనే పోదాం రాండ్రి అన్నడు. ఎనుక బాపుతోని నలుగురు, ముందట వాళ్లల్ల అందరికంటె లావుగున్న ఒక కాక, డిక్కీల, వాళ్లు కానుకగ ఇచ్చిన రాతి గ్రైండరు. కారు ఒక్కసారే కూలబడ్డది. దిగుండ్రి అని ఏ నోటితోని అంట?

కాలనీల స్పీడు బ్రేకర్లు ఏ లైను ఇండ్లోళ్లు ఆ లైనుకు సొంతంగ కట్టుకున్నయి. మొదటిదాని మీదికి ముందు చక్రాలు ఎక్కి దిగినయి, కారు కడుపు మాత్రం దాని మీదనే కూసున్నది. తొక్కితె పొగ తప్ప ఏం రాలే. డప్పులోళ్లు చాన దూరం పోయి, ఎనుక ఎవ్వరు లేరని తిరిగి చూసిండ్రు. రెండు దిక్కుల అరుగుల మీద కాలనీ అంత ఉన్నది. సిగ్గుతోని నా పానం పోయింది.

బాపు దిగిండు. దండలు తీసి అద్దానికి తగిలిచ్చిండు. పట్టాలు తప్పిన టబ్బును ఎట్ల లేపుతరో గట్లనే, అందరు దిగి డిక్కీకి వీపులు ఆనిచ్చి కూసున్నరు. బాపు ఊ అన్నడు, కారు లేచింది, అవతల పడ్డది. ఆయన ఆఖరు షిఫ్టుల ఆఖరు పని గదే. నేను డోరు తీస్తె చేతితోనే వద్దన్నడు.

"నా మంది నడుస్తుంటె నేను కూసోను బిడ్డా."

ముందట డప్పులు, బాపు, ఆయన మంది. ఎనుక, అద్దానికి దండలు ఏలాడుతుంటె కార్ల నేను, గ్రైండరు. రిటైరైంది నేనే అనుకొని ఒక ముసలవ్వ నాకు దండం పెట్టింది.

తెల్లారి మొదటి షిఫ్టు సైరనుకు బాపు అలవాటుగ లేచి, తానం చేసి, అంగి తొడుక్కున్నడు. పోనీకి జాగ లేదు. సక్కగ వచ్చి నా కారు ఎనుక సీట్ల కూసొని, "నడువు, ఇయ్యాల ఖాళీనే" అన్నడు. లక్సెట్టిపేట దాక పోయొచ్చినం. మలుపుల ఆయన ఏం పట్టుకోలే. దిగేటప్పుడు, రోడ్డును మంచిగనే పట్టింది అన్నడు.

మర్నాడు కంపెనీ స్ప్రింగులే మళ్ల బిగిచ్చిన. కార్లు మారినయి గని అలవాటు పోలే. మొన్న నా కొత్త కారు కాడ గొంతు కూసొని వేళ్లు పెట్టిన. నాలుగు పట్టినయి. గప్పటి నేను చూస్తె మొకం తిప్పుకొని పోయేటోణ్ని అని నవ్వుకుంటున్న. ఎనుక సీట్ల ఇద్దరు దోస్తుల నడుమ ఇరుక్కొని కూసున్న బాపు అద్దం దించి అడిగిండు.

"ఇంక కొల్సుడేనార? ఎక్కు, నిండినం."