గంజి పెట్టిన గుడారం

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో ఏ వస్తువును ఎలా చూసుకోవాలో చెప్పే దిక్కు లేదు, ఇప్పటివాళ్లలా ఫోనులో వీడియోలు చూసి నేర్చుకునే భాగ్యం లేదు అని చెప్పుకోవాలని ఉంది గానీ, అది అబద్ధం. పన్నెండేళ్ల కిందటి మాటే కదా, అప్పుడూ ఫోనులున్నాయి, వీడియోలూ ఉన్నాయి. చూడాలన్న బుద్ధి నాకే పుట్టలేదు. అయినా సరే, ఆ వ్యవహారం గుర్తొస్తే ముందు నాకు కోపమే వస్తుంది. వాన మీద కోపం, గేదెల మీద కోపం, అన్నిటికన్నా ఎక్కువగా గుడ్డతో ఒక వస్తువు తయారుచేసి, దాన్ని సబ్బుతో ఉతకకూడదని రూలు పెట్టినవాడి మీద కోపం. ఉతకకూడని గుడ్డ అంటూ లోకంలో ఒకటి ఉంటుందని మా వంశంలో ఎవరికీ తెలీదు.

రాజమండ్రిలో ఒకాయన గోదావరి మధ్య లంకలో ఇసుక మీద టెంట్లు వేసి, పట్నం జనాన్ని ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే పెసరట్టు పెట్టి పంపించే వ్యాపారం మొదలుపెడితే, డిగ్రీ అయిన నెలలోనే అందులో చేరాను. ఆయన్ని అందరం ఓనరుగారు అనేవాళ్లం. నా ఉద్యోగం పేరు క్యాంపు సూపర్‌వైజరు. (ఆ పేరు విని మా ఊళ్లో చాలామంది నేను కంటి ఆపరేషన్ల శిబిరంలో పనిచేస్తున్నాననుకున్నారు. ఇద్దరు ముసలివాళ్లు శుక్లాలు చూపించుకోవడానికి కూడా వచ్చారు.) నేను సూపర్‌వైజు చేయడానికి నా కింద ఉన్నవి నాలుగు టెంట్లు, అంతే. "మూడు నెలలు చూస్తానయ్యా. టెంట్లు బాగుంటే నువ్వుంటావు" అన్నారు ఓనరుగారు మొదటిరోజే. ఆ మూడు నెలలు గట్టెక్కాలి, ఊరికి తిరిగెళ్లి చెరువు గట్ల మీద రొయ్యల మేత చల్లే పనిలో పడకూడదు, అదే నా ధ్యాస.

రాజమండ్రిలో మా అత్తయ్య ఇంట్లో ఉండేవాణ్ణి. నాన్నకి అక్క. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ నేత చీరలకి పెట్టే గంజి సంగతి ఆ వీధి వీధంతా ఎరుగుదురు. చీర కట్టుకుని నడుస్తుంటే ఎదురింటివాళ్లకి చప్పుడు వినిపించేది. దుప్పట్లకి గంజి, దిండు గలేబులకి గంజి. నా జేబురుమాలుకి కూడా పెడితే, అది ముక్కుకి గీసుకుని రెండుసార్లు రక్తం వచ్చింది.

ఇక నా నిర్వాకం. తెల్లవారేసరికి లంకలో మంచు కురిసి టెంట్లు తడిసి ఉండేవి. ఆరేదాకా ఉంచి మడవాలి. కానీ మమ్మల్ని అవతలి ఒడ్డుకి చేర్చే పడవ బాబాయికి తొమ్మిది దాటితే చిరాకు. "ఇంకా ఎంతసేపయ్యా, అవతల చేపల బేరం పోతుంది" అని గడ వేసి మరీ అరిచేవాడు. అందుకని తడివి తడిగానే చుట్టి సంచుల్లో కుక్కేవాణ్ణి. రెండు నెలలు అలా కుక్కాక పెద్ద టెంటు నల్లమచ్చలు పడి, కుళ్లిన గోనెసంచి వాసన కొట్టింది. ఇందులో నా తప్పేముంది? బాబాయికి చేపల బేరం, ఓనరుగారికి మనుషుల బేరం. మధ్యలో ఆ టెంటు దగ్గర ముక్కు మూసుకోవాల్సింది నేనే.

సరిగ్గా అప్పుడే ఓనరుగారు ఫోను చేశారు. కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఇంజినీరుగారు శనివారం తల్లితో, భార్యతో వస్తున్నారని, వాళ్లకి నచ్చితే ఫ్యాక్టరీ స్టాఫంతా వంతులవారీగా వస్తారని చెప్పారు. "పెద్ద టెంటు వెయ్యి. ఏదైనా తేడా వచ్చిందా, నీ మూడు నెలలు ఆ రోజుతో అయిపోయినట్టే." నేను టెంటుని అత్తయ్య ఇంటికి మోసుకొచ్చి పెరట్లో పరిచాను. పరుస్తుంటే సంచి అడుగునుంచి మడతపెట్టిన కాగితం ఒకటి పడింది. చీమతలకాయంత అక్షరాలు, ఏవో బొమ్మలు. తర్వాత చదువుదాంలే అని ప్యాంటు జేబులో పెట్టుకున్నాను.

అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని టెంటు చుట్టూ ఒకసారి తిరిగింది. "ఏంట్రా ఇది, మనుషులు పడుకునేదేనా? దీన్ని ఎలా ఉతకాలో ఎవరైనా చెప్పారా?"

"ఎవరు చెప్తారు అత్తయ్యా. ఎలాగోలా వాసన పోవాలి, అంతే."

"నిలబెడతారు కదా దీన్ని. మరి ఇంత మెత్తగా ఉందేంటి?"

"కర్రలుంటాయిలే."

"కర్రలుంటే మాత్రం? నిలబడాల్సిన గుడ్డకి గంజి పెట్టకపోతే ఎలారా?"

ఆ క్షణాన నాకు అది లోకంలోకెల్లా న్యాయమైన మాటగా తోచింది. సలసల కాగే నీళ్లలో సర్ఫు వేసి, ఇద్దరం చెరోవైపు కూర్చుని బ్రష్షుతో గంటసేపు రుద్దాం. టెంటు లోపలివైపునుంచి సన్నటి పొర ఒకటి పొట్టులా రేగి వచ్చింది. (నీళ్లు లోపలికి రాకుండా ఆపేది ఆ పొరే. అది మురికనుకుని ఇంకా కసిగా రుద్దాను.) తర్వాత రెండు బిందెల గంజి పట్టించి, మేడ మీద మండుటెండలో ఆరేశాం. సాయంత్రానికి టెంటు అప్పడంలా తయారైంది. వేలితో కొడితే మోగింది. అత్తయ్య ఇస్త్రీ కూడా చేయిద్దామంటే వద్దన్నాను. ఆ మొత్తం వ్యవహారంలో నా బుద్ధి పనిచేసింది ఆ ఒక్కచోటే.

శనివారం మధ్యాహ్నం లంకలో ఆ టెంటు నిలబడిన తీరు చెప్తే నమ్మరు. కర్రలు పెట్టకముందే సగం నిలబడింది. ఓనరుగారు దాని చుట్టూ తిరిగి, "ఏంటయ్యా, కొత్తదానిలా చేశావే" అని నా భుజం తట్టారు. ఉద్యోగం ఖాయమైపోయిందనుకున్నాను. ఇంజినీరుగారి కుటుంబం టీ తాగి లోపల నడుం వాల్చింది. నాలుగింటికి అవతలి ఒడ్డునుంచి రోజూ ఈదుకుంటూ మేతకొచ్చే గేదెలు లంక ఎక్కాయి. రెండు నెలలుగా నన్నుగానీ నా టెంట్లనుగానీ కన్నెత్తి చూడనివి, ఆ రోజు గడ్డి వదిలేసి నేరుగా పెద్ద టెంటు దగ్గరికి వచ్చి నాకడం మొదలుపెట్టాయి. గంజి కదా, వాటికి కుడితి రుచి తగిలింది. లోపలినుంచి ఇంజినీరుగారి తల్లి గొంతు వినిపించింది. "అమ్మాయ్, గోడ కదులుతోంది చూడవే. ఎవరో నాకుతున్నట్టుంది." నేను కర్ర పట్టుకుని ఒకవైపు తరిమితే రెండోవైపునుంచి వచ్చి నాకేవి. వాటి నిబ్బరం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అయిదింటికి వాన. పావుగంట వాన, అంతకన్నా లేదు. మిగతా మూడు టెంట్లు చుక్క కారలేదు. పెద్ద టెంటు మాత్రం జల్లెడలా కారింది. ఉత్త నీళ్లు కారినా కొంత గౌరవంగా ఉండేది, గంజి కారింది. ఇంజినీరుగారు జుట్టునుంచి చిక్కగా ఏదో కారుతుండగా బయటికొచ్చి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, "ఇది గంజి కదండీ. టెంటుకి గంజి పెట్టారా?" అని ఓనరుగారిని అడిగారు. కోపంగా కూడా అడగలేదు. తెలుసుకుందామని అడిగారు. ఓనరుగారు నావైపు చూశారు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "నాకేం తెలీదండి, మా అత్తయ్య చేసింది" అన్నాను.

ఆదివారం పొద్దున్నే ఓనరుగారు ఇంటికొచ్చారు. నేను గదిలో తలుపు చాటున నిలబడ్డాను. అత్తయ్య ఆయన్ని కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చి, చెప్పినదంతా విని, "నాదే తప్పండి. కుర్రాడు వద్దు వద్దంటూనే ఉన్నాడు, నేనే వినలేదు. లెక్కలు చెప్పుకునేదాన్ని, గుడారాలు నాకేం తెలుసండి. వాణ్ణి ఏమీ అనకండి" అంది. అంత పెద్దావిడ అలా అంటుంటే ఆయన మెత్తబడ్డారు. కాఫీ తాగి, "రేపటినుంచి జాగ్రత్తగా ఉండమనండి" అని వెళ్లిపోయారు. ఉద్యోగం నిలబడింది. నేనేమో సిగ్గు లేకుండా, నా ఉద్యోగం మీదికి తెచ్చిందని వారం రోజులు అత్తయ్యతో ముభావంగా ఉన్నాను.

ఇప్పుడు నాకు సొంతంగా డజను టెంట్లున్నాయి. వానాకాలం ముందు వాటిని అత్తయ్య మేడ మీదికే తెస్తాను. ఉత్త నీళ్లలో ముంచిన స్పాంజితో తుడిచి, నీడన ఆరేసి, కుట్ల మీద చెంబుతో నీళ్లు పోసి, ఎక్కడ ఊరితే అక్కడ జిగురు పూస్తాను. పూర్తిగా ఆరితేగానీ మడవను. పోయిన జూన్‌లో అత్తయ్య కుర్చీ వేసుకుని చూస్తూ, "గంజి అక్కర్లేదుట్రా?" అంది. ఏళ్లుగా గొంతులో ఉన్నది అప్పుడు బయటికొచ్చింది. "అత్తయ్యా, ఆ రోజు ఎలా ఉతకాలో రాసిన కాగితం దొరికింది. జేబులో పెట్టుకుని చదవలేదు. తప్పు నాది."

"తెలుసులేరా. మీ ఓనరు వచ్చే ముందే నీ ప్యాంటు నానబెడుతూ జేబులు చూశాను. సబ్బు బొమ్మ మీద ఇంటూ గుర్తు. లెక్కల టీచరుకి ఆ మాత్రం తెలీదా?"

"మరి ఆయనతో నీదే తప్పని ఎందుకన్నావు?"

"ముప్పయ్యేళ్లు పిల్లల తప్పులకి ఎర్రసిరా పెట్టాను. నీది మొదటి ఉద్యోగం, అందులోనూ పెట్టాలా?" అని, మళ్లీ "గంజి మాత్రం తప్పు కాదు. టెంటు నిలబడిందా లేదా?" అంది.

నిలబడిందని ఒప్పుకున్నాను. కాగితం జేబులో పెట్టుకుని, అత్తయ్య పేరు చెప్పి తప్పించుకున్న ఆ ఇరవై రెండేళ్ల సూపర్‌వైజరు మీద బాగా కోప్పడదామని చూశాను. వాడి మొహం తలుచుకుంటే నవ్వొచ్చింది. ఎండ ఇటు తిరగడం చూసి, అత్తయ్య కుర్చీనీ, టెంటునీ నీడకి జరిపాను.